గెలిచినవాడు ముందు లేవకూడదు

మా ముత్తాతగారు పద్నాలుగు గ్రామాల జమీందారు. తాతగారు దివాణంలో పేకాటకు కూర్చుంటే చుట్టుపక్కల దొరలందరూ వచ్చేవారు. ఆ ఇంట ఒక కట్టుబాటు ఉండేది: గెలిచినవాడు ముందు లేవకూడదు. ఓడినవాడు "ఇక చాలు దొరా" అని ముక్కలు దించాకే లేవాలి. ఊళ్ళు పోయాయి, దివాణం పోయింది. నేను న్యూజెర్సీలో ఇంజినీరునయ్యాను. కట్టుబాటు మాత్రం నాతో వచ్చింది.

ఎనభైల మొదట్లో, ఒక శనివారం మధ్యాహ్నం నా భార్యతో కాసినోల ఊరైన అట్లాంటిక్ సిటీ వెళ్ళాను. ఆమె పిల్లల డాక్టరు. సొంత క్లినిక్ కోసం కూడబెట్టిన డబ్బు మా ఇద్దరి పేర బ్యాంకులో ఉంది. పాతవాటిలో చూసి కొన్న పరీక్ష బల్ల, పసిపిల్లల తూకపు యంత్రం గరాజ్‌లో సిద్ధంగా ఉన్నాయి. సోమవారం గదులకు అడ్వాన్సు ఇవ్వాలి.

కాసినోలో జనం ఒక బల్ల చుట్టూ మూగి ఉన్నారు. పేపర్లలో తరచూ కనిపించే జూదరి వచ్చాడన్నారు. నలిగిన కోటు, కాళ్ళ దగ్గర తోలు సంచి. సంచిలో ఉన్నదంతా ఒక్క పందెం మీద పెట్టాడు. గెలిచాడు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"వంశం లేని మనిషి," అన్నాను.

"బుద్ధి ఉన్న మనిషి," అంది ఆమె.

నేను బ్లాక్‌జాక్ పేకాట బల్ల దగ్గర కూర్చున్నాను. కాసేపటికే నా ముందు డబ్బుకు బదులు వాడే చిప్పులు దొంతరలయ్యాయి.

"చాలండీ, లేవండి. వెయిటింగ్ రూమ్‌కి కుర్చీలు కొనే డబ్బు కూడా వచ్చేసింది."

"గెలిచి ముందు లేవడం మా ఇంట లేదు."

"ఎదురుగా ఉన్నది దొర కాదండీ, ముక్కలు పంచే డీలర్. ఆవిడకి జీతం వస్తుంది."

అంతలో ఆ డీలరు చేతులు దులిపి, అరచేతులు తిప్పి చూపించి పక్కకు తప్పుకుంది. డ్యూటీ మారేటప్పుడు, ఏమీ దాచలేదని అలా చూపిస్తారట.

"ఇదిగో, వాళ్ళే లేచారు. ఇంక మీ తాతగారేమీ అనరు," అని నవ్వింది నా భార్య.

నేనూ కుర్చీ వెనక్కి జరిపాను. అప్పటికే మరో డీలరు వచ్చి "గుడ్ ఆఫ్టర్‌నూన్, సర్" అన్నాడు. కొత్తగా వచ్చిన మనిషి ఎదుట గెలుపు మూటగట్టుకుని లేవడం నామోషీ అనిపించింది. మళ్ళీ కూర్చున్నాను.

"ఈ కాసినో కంపెనీ ఎప్పటికీ లేవదండీ. నేను కార్‌లో వెయిట్ చేస్తా."

గెలిచినదంతా పోయింది. ఇప్పుడు ఓడినవాణ్ణి నేనే. "ఇక చాలు" అని లేవడానికి కట్టుబాటు అడ్డు రాదు. కానీ మా ఇంట ఆ మాట అన్నవాళ్ళు లేరని తాతగారు గొప్పగా చెప్పేవారు. మరి ఊళ్ళెలా పోయాయో నేనెప్పుడూ అడగలేదు. మా ఇద్దరి ఖాతా మీద చెక్కు రాశాను. అదీ పోయింది.

కార్‌లో ఆమె గోడ రంగుల నమూనా కార్డులు ఒళ్ళో పరుచుకుని చూస్తోంది. పిల్లల్ని చూసే గదికి పసుపు బాగుంటుందా అని అడిగింది. బాగుంటుందన్నాను. సోమవారం పొద్దున ఆమె చెక్కుబుక్కు తీసేదాకా చెప్పలేకపోయాను.

పరీక్ష బల్లను, పసిపిల్లల తూకపు యంత్రాన్ని ఆ వేసవిలో మరో డాక్టరుకు అమ్మేశాం.