రెక్క కింద పసుపు

మొన్న ఆర్మూర్ మార్కెట్ యార్డులో, మా బాపు కమీషన్ దుకాణం ముందు, ఒకాయన కొత్త ట్రాలీ ఆటోకు పూజ చేయిస్తున్నాడు. బంపర్‌కు, అద్దానికి, చివరికి లైట్లకు కూడా తడి పసుపు పూస్తున్నారు. ఎండిన పసుపు కొమ్ముల దుమ్ముకు అప్పటికే గొంతు గరగరలాడుతోంది. ఆ తడి పసుపు వాసన మాత్రం వేరు. అది ముక్కుకు తగలగానే గంగారెడ్డి సార్ గుర్తుకొచ్చారు. నాకు విమానం నడపడం నేర్పిన మనిషి. నందిపేట్ దగ్గర పసుపు పండించే ఇంట పుట్టి, సైన్యంలో విమానాలు నడిపి, రిటైరయ్యాక హైదరాబాద్‌లో ఒక చిన్న ఫ్లయింగ్ క్లబ్బులో పాఠాలు చెప్పేవారు. చివరి రోజులు పెర్కిట్‌లో గడిపి నిరుడు కన్నుమూశారు. మూఢనమ్మకాల మీద నేను రాసే ప్రతి వ్యాసం వెనక ఆయన ఉన్నారంటే, ఎరిగినవాళ్ళు నవ్వుతారు. ఆయన ఏనాడూ దేవుడు ఉన్నాడనీ వాదించలేదు, లేడనీ వాదించలేదు.

వాదించేదాన్ని నేను. కాలేజీ వేదికల మీద దిష్టి నిమ్మకాయల్ని చీల్చి చెండాడి చప్పట్లు కొట్టించుకున్నదాన్ని. ఇరవై రెండేళ్ళకు ఆ క్లబ్బులో చేరి, రెండు సీట్ల పాత విమానంలో నేర్చుకున్నాను. దాని రెక్కలు తల మీద గొడుగులా ఉండేవి. దానిలో ఒంటరిగా కూడా ఎగిరాను. లైసెన్సుకు ఇంకా కొన్ని గంటలు ఒంటరిగా ఎగరవలసి ఉండగా దాని ఇంజను మరమ్మతుకు వచ్చింది. నన్ను రెండో విమానానికి మార్చారు. దీని రెక్కలు కిందికి ఉంటాయి. రెక్క ఎక్కి లోపలికి దిగాలి. నేలకు దగ్గరయ్యాక కింద గాలి మెత్త వేసినట్టు తేలుతూనే ఉంటుంది, ఒక పట్టాన దిగదు. వరసగా రెండు రోజులు రన్‌వే సగం దాటాకే చక్రాలు ఆన్చాను.

“పాతదాన్ని మర్చిపో బిడ్డా. గిది దాని చెల్లె గాదు, అక్క గాదు. కొత్త మనిషిని చూసినట్టు చూడు,” అన్నారు సార్.

“భయమైతంది సార్.”

“భయమైతే మంచిదే. కండ్లు తెరిచి ఉంటయ్.”

రేపు బాగా దించితే ఒంటరిగా పంపుతానన్నారు. దించకపోతే నా కథ అంతటితో సరి. పసుపు సీజన్ మొదలయ్యేలోగా లైసెన్సు రాకుంటే వచ్చి దుకాణంలో కూచోవాలని బాపు ముందే చెప్పాడు.

మర్నాడు పొద్దున నేను చేసిన పని ఇన్నేళ్ళుగా ఏ వేదిక మీదా చెప్పలేదు. ఊరి నుంచి వచ్చేటప్పుడు అమ్మ నా సంచిలో ఒక పసుపు పొట్లం పెట్టింది. సీసాలో నీళ్ళతో అరచేతిలో కలిపి, కొత్త విమానానికి బొట్టు పెట్టాను. సార్ కంట పడకూడదని ఎడమ రెక్క కిందికి దూరి, అక్కడ వేలాడే చదునైన ముక్కకు దట్టంగా పూశాను. విమానం వేగం చెప్పే సూదికి ఎదురుగాలిని అందించే రంధ్రం ఆ ముక్కలోనే ఉంది. పాత విమానంలో అది వంగిన గొట్టంలా ఉండేది. దీనిలో ఎక్కడుందో సార్ మొదటి రోజే చూపించారు. నేను తలూపాను గానీ చూడలేదు. తనిఖీ కాగితంలో దాని ఎదుట గీత కూడా పెట్టేశాను.

రన్‌వే మీద పరుగు మొదలైంది. ఇంజను బాగానే ఉంది, నేల వెనక్కి పరిగెడుతోంది. వేగం సూది సున్నా దగ్గరే ఉంది.

“సూది చూసినవా?” సార్ గొంతు మారలేదు.

“లేస్తలేదు సార్.”

“లేవకుంటే ఏం చేస్తవు?”

“ఆపుత.”

“మరి ఆపు.”

ఆపాను. మెల్లగా షెడ్డుకు తెచ్చాం. మెకానిక్ యాదగిరి రెక్క కింద పడుకుని వేలితో గీకి, “పురుగు గూడు పెట్టింది సార్, మట్టి లెక్కుంది. రాత్రి మూత ఎయ్య మర్చిన్నేమో. ఏసిన్ననే యాదికున్నది,” అన్నాడు. సార్ ఆ ముద్దను రెండు వేళ్ళ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, వేళ్ళు రుమాలుకు తుడుచుకున్నారు. యాదగిరి మాత్రం ఏసిననా, మర్చిననా అని తనలో తానే లెక్క వేసుకుంటున్నాడు. నేను ఊరుకుంటే ఆ మరుపు అతనిదే అయ్యేది. నా చదువు సాగేది.

“పురుగు గాదు యాదగిరన్నా. పసుపు. నేనే పెట్టిన.”

యాదగిరి రెక్క కింది నుంచి బయటికి జరిగాడు. “పెడితె పెట్టినవు గాని అమ్మా, దాని ముక్కే దొరికిందా నీకు?”

తర్వాత సార్‌ను అడిగాను, అది పసుపని నేను చెప్పకముందే తెలుసా అని. “ఎరికే. పసుపు చేన్ల పెరిగినోన్ని, వాసన తెల్వదా?”

“మరి అడగలేదేం సార్?”

“అడిగితె నాకు చెప్పేదానివి. చెప్పాల్సింది యాదగిరికి గదా.”

క్లబ్బు రిజిస్టరులో ఆ ఘటన ఆయనే రాశారు. మొదటి వాక్యం, ‘మోకాళ్ల నొప్పి వల్ల శిక్షకుడు రెక్క కిందికి వంగి చూడలేదు.’ నా సంగతి రెండో వాక్యం. ఆ మొదటి వాక్యం చదివి క్లబ్బు ఆయన్ని వారం పాటు ఎగరనివ్వలేదు. నేనూ ఆ వారం నేల మీదే ఉన్నాను. రోజూ ఆ విమానం చుట్టూ తిరిగి, ప్రతి రంధ్రం, ప్రతి మూత వేలితో తాకి, పేరు చెప్పి ఆయనకు అప్పజెప్పేదాన్ని. పసుపు ఏ పాపమూ ఎరగదు. చూడాల్సిన చోట చూడకుండా, చూసినట్టు గీత పెట్టి, ఆ కొరతను బొట్టుతో పూడ్చుకున్నది నేను. నిమ్మకాయల మీద నేను చేసిన ఏ ప్రసంగంలోనూ ఈ సంగతి లేదు.

ఎనిమిదో రోజు కలిసి ఎగిరాం. మూడుసార్లు సరిగ్గా దించాను. సార్ కిందికి దిగి, ఇక ఒక్కదాన్నే పొమ్మన్నారు. పొమ్మన్నాక కూడా నా చేత ఇంజను ఆపించి, ఎడమ రెక్క పట్టుకుని, పళ్ళు బిగించి, ఆ సిమెంటు నేల మీద మోకాళ్ళు ఆనించారు.

“నేను చూసిన సార్,” అన్నాను. కొంచెం నొచ్చుకున్నాను కూడా.

“చూసినవని తెల్సు. నేను చూడాలె గదా.”

లైసెన్సు వచ్చింది. కొన్నేళ్ళు ఎగిరి మానేశాను. ఇప్పుడు ఏ వ్యాసమైనా అచ్చుకు పోయేముందు, నాతో ఎన్నడూ ఏకీభవించని వేల్పూర్ గుడి పంతులుగారికి పంపుతాను. ఆయన ఎర్ర గీతలు పెట్టి తిప్పి పంపుతారు. ప్రతిసారీ కోపం వస్తుంది. అది దిగేదాకా వరండాలో తిరిగి, కూచుని, ఆ గీతలన్నీ మొదటి నుంచి చదువుతాను.