ఏడో టేబుల్ వాళ్ల సలహా

మేము డిగ్రీ చదివే రోజుల్లో మదనపల్లెలో గొప్పవాళ్లమని అనిపించుకోవాలంటే పుంగనూరు రోడ్డులోని ఆ తోట హోటల్లో ఒక్కసారైనా భోంచేసి ఉండాలి. పచ్చిక, దాని మధ్యలో ఫౌంటెన్, తెల్లగుడ్డలు పరిచిన టేబుళ్లు, నల్లకోటు వేసుకుని గుమ్మంలో నమస్కారం పెట్టే సూపర్‌వైజరు. (ఆ సూపర్‌వైజరు మా మామ. కోటు మాత్రం అంతకుముందు పనిచేసిన లావుపాటి ఆయనకు కుట్టించింది.) డిగ్రీ ఆఖరి పరీక్షలు రాసి పుంగనూరు నుంచి మామ ఇంటికి వెళ్లిన నన్ను, చేతిరాత బాగుంటుందని, హోటల్ బోర్డు మీద ఆ రోజు వంటకాల పేర్లు రాసే పనిలో పెట్టాడు. మనుషులతో మాట్లాడే అవసరం లేని ఉద్యోగం. బోర్డు రాసేసి, ఫౌంటెన్ గట్టు మీద కూర్చుని డైరీ రాసుకునేదాన్ని.

ఆ డైరీలో ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. తిరుపతిలో ఎం.ఏ. తెలుగు చదవడానికి నాన్నకు చెప్పకుండా దరఖాస్తు పెట్టాను. సీటు వచ్చింది. చేరడానికి వారమే గడువు. నాన్న వింటే మామ మాటే వింటాడు. ఆ మామకు చెప్పడానికి నాకు నోరు పెగలడం లేదు. అందుకని రోజూ చెప్పడం మానేసి, రోజూ రాసుకుంటున్నాను.

ఆ ఏడాది జనవరిలో ఎరువుల అంగడి వాళ్లు మామకు ఒకేలాంటి ఆకుపచ్చ అట్టల డైరీలు రెండిచ్చారు. నేను వచ్చాక ఒకటి నాకిచ్చి, రెండోదాన్ని హోటల్ సలహాల పుస్తకం చేశాడు. భోజనం ముగించిన ప్రతి కుటుంబం ముందూ సోంపు గిన్నెతో పాటు ఆ పుస్తకం పెట్టాలి. మధ్యాహ్నం రద్దీ తగ్గాక వంటవాళ్లను వరసగా నిలబెట్టి, జనం రాసిందంతా మామ పైకి చదవాలి. అది ఆయన పెట్టిన నియమం. ఒక ఆదివారం వంకాయ కూర అయిపోయిందంటే, బోర్డు మీద చెరపడానికి వెళ్తూ నా డైరీని కౌంటర్ మీద పెట్టాను. తిరిగొస్తే లేదు. మీసాలన్న (పెద్ద సర్వరు, మనిషి కంటే ముందు మీసాలు వచ్చేవి) దాన్ని సలహాల పుస్తకం అనుకుని ఏడో టేబుల్‌కు ఇచ్చి, మళ్లీ తెచ్చి మామ చేతిలో పెట్టేశాడు. నేను వెతుక్కుంటూ వెళ్లేసరికి మామ వంటవాళ్ల ముందు కళ్లజోడు సర్దుకుంటున్నాడు.

“‘ఈ రోజు కూడా ఫౌంటెన్ పనిచేయలేదు.’ సూడండప్పా, జనాలు అన్నీ సూస్తాండారు.”

తర్వాతి వాక్యం ఇంకా గంభీరంగా చదివాడు. “‘పొద్దున సాంబారుకూ సాయంత్రం సాంబారుకూ ఒక బిందె నీళ్లు తేడా.’”

“ఎవురప్పా ఆ రాసినోడు? యాడుండాడు?” అని వంటమాస్టరు గరిటెతో సహా ముందుకొచ్చాడు. నేను స్తంభం వెనక్కి జరిగాను. పరుగెత్తి లాక్కోవచ్చు. కానీ అంతమంది మధ్యలోకి నడవాలి కదా!

“‘ఆ కోటులో మా మామను వెతుక్కోవాలి’” అని చదివి, మామ ఆగాడు. కోటు వైపు చూసుకున్నాడు. మీసాలన్న దగ్గినట్టు నవ్వాడు. ఆపైన మామ పైకి చదవడం ఆపి, పెదవులతోనే చదువుకున్నాడు. పేజీ చివరిదాకా వెళ్లి, నా కోసం చుట్టూ చూశాడు.

“ఎం.ఏ. సీటొచ్చిందా? యాల చెప్పలేదు పాపా? నేనేమన్నా పులినా?”

“కోటేసుకుంటే కొంచెం,” అన్నాను. (అంతమందిలో నేను మాట్లాడిన మొదటి మాట అదే.)

మామ నవ్వి, పేజీ నాకు చూపించాడు. ‘మామకు ఎట్లా చెప్పాలో తెలియడం లేదు’ అన్న నా వాక్యం కింద ఎవరిదో వంకర రాత: ‘ధైర్యంగా చెప్పమ్మా. సదువు వదలొద్దు. సాంబారు బాగుండాది. చట్నీలో ఉప్పు జాస్తి. ఏడో టేబుల్, కుప్పం.’

“సరే, చట్నీ సంగతి మాస్టరు సూసుకుంటాడు,” అన్నాడు మామ. “మీ నాయన సంగతి నేను సూసుకుంటా.” మర్నాడు పొద్దున్నే పుంగనూరు బస్సెక్కాడు, కోటు వేసుకునే. నాన్నతో ఏం మాట్లాడాడో ఇప్పటికీ తెలియదు. తిరిగొచ్చి, “పెట్టె సర్దుకో పాపా” అన్నాడు.

ఇప్పుడు కుప్పంలోనే పాఠాలు చెబుతున్నాను. (ఇక్కడి హోటళ్లలో చట్నీ రుచి చూసి మొహం చిట్లించే పెద్దవాళ్లందరినీ కాసేపు పరీక్షగా చూస్తాను.) మొన్న మదనపల్లె వెళ్లినప్పుడు ఆ తోటలోకి అడుగుపెట్టాను. అదిప్పుడు టమోటా మండీ. పచ్చిక ఉన్న చోట ప్లాస్టిక్ పెట్టెలు, మామ నమస్కారం పెట్టిన గుమ్మంలో వేలంపాట. ఫౌంటెన్ తొట్టి నిండా ఖాళీ పెట్టెలు.

“ఎన్ని పెట్టెలు తెచ్చినావమ్మా?” అని ఒకాయన అడిగాడు.

“ఏం తేలేదప్పా. ఊరికే, సూసిపోదామని.”

“టమోటాల్లో సూసేదేముండాదమ్మా!”

కోటు గురించి, ఏడో టేబుల్ గురించి, అన్నీ ఆయనకు చెప్పాలనిపించింది. మామూలుగానే నోరు పెగల్లేదు. నవ్వి వచ్చేశాను. ఇంటికొచ్చి డైరీ తీసి రాసుకున్నాను: ‘ఈ రోజు కూడా ఫౌంటెన్ పనిచేయలేదు.’