నా మెడ మీద నేనే ఆడిన బేరం

మేడ్చల్‌లో మా బియ్యం దుకాణానికి వచ్చి నాతో బేరమాడి గెలిచినవాళ్లు లేరని తొంభైల చివర్లో నాకు మహా గర్వం. ఒక మధ్యాహ్నం నేను గల్లా దగ్గర కూర్చుని నీళ్లు తాగుతుంటే, కోస్తా నుంచి వచ్చి కొత్త కాలనీలో ఉంటున్న ఒకావిడ ధర సంగతి వదిలేసి నా గొంతుకేసి చూసింది. గుటక వేసినప్పుడల్లా అక్కడ ఉసిరికాయంత ఏదో పైకీ కిందికీ ఆడుతోందంది. రేటు తగ్గించుకోవడానికి ఇదో కొత్త ఎత్తు అనుకున్నాను. ఆవిడ వెళ్లాక అద్దం ముందు నిలబడి గుటక వేశాను. నిజంగానే ఆడుతోంది.

థైరాయిడ్ గడ్డ అన్నారు ఆసుపత్రిలో. క్యాన్సరా కాదా అన్నది సూదితో లోపలి కణాలు లాగి చూస్తేనే తెలుస్తుందట. నాయిన నా వెంట వచ్చాడు.

డాక్టరమ్మ నా భుజాల కింద దిండు పెట్టి, తల వెనక్కి వాల్చింది. సన్నసూదేనని, నాలుగు చోట్ల గుచ్చుతానని, అప్పుడు మాట్లాడకూడదని చెప్పింది. ఇంకా గుచ్చలేదు కాబట్టి నేను మాట్లాడాను. ఉన్నది ఒక్క గడ్డే అయితే నాలుగు పోట్లెందుకన్నాను. ఆమె మూడుకు దిగింది. నేను ఒకటి దాటలేదు. మొదటి పోటు అయ్యాక రెండోసారి సూది ఎత్తేసరికి లేచి కూర్చున్నాను. బయటికొచ్చి నాయినతో, నాలుగును ఒకటికి దించానని గొప్పగా చెప్పాను.

వారానికి రిపోర్టు వచ్చింది. కణాలు చాలలేదు, మళ్లీ తీయాలి అని మాత్రమే ఉంది అందులో.

నాయిన దాన్ని జేబులో పెట్టుకుని, గోడకు వేలాడుతున్న ఇనుప గొట్టం తీసి నా ముందు పెట్టాడు. బస్తాలో గుచ్చి బియ్యం లాగి చూసే గొట్టం అది.

"శామీర్‌పేట మిల్లోడు బస్తా దెస్తె ఎన్నిదిక్కుల గుచ్చుతవ్ బిడ్డా?"

"మూతికాడ, నడుమ, అడుగున."

"ఒక్కదిక్కే గుచ్చుమంటె?"

"నేనేమన్న పాగల్‌దాన్నా నాయినా?"

"గా మిల్లోని బస్తాకున్న కదర్ నీ మెడకు లేకపాయె," అన్నాడు. నేను నవ్వబోయాను గానీ, ఆయన అప్పటికే ఆసుపత్రికని చెప్పులేసుకుంటున్నాడు.

రెండోసారి డాక్టరమ్మ నోరు తెరవకముందే, అయిదు గుచ్చమన్నాను. నాలుగు చాలందామె. అయిదు దగ్గరే పట్టుబట్టి, జీవితంలో మొదటిసారి బేరం ఓడిపోయాను. నాలుగు పోట్లకూ కదలలేదు. ఆమె గాజుపలకలు అక్కడే మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, ఈసారి కణాలు బాగా పడ్డాయంటే, పరీక్ష పాసైనంత పొంగిపోయాను.

మూడు రోజులకు ఫలితం తెలిసింది. మామూలు గడ్డ, క్యాన్సర్ కాదు, ఆరు నెలలకోసారి చూపించుకుంటే చాలు. నేను గెంతేసినంత పని చేశాను. నాయిన మాత్రం కాగితం పట్టుకుని నర్సు దగ్గరికి వెళ్లి చదివించాడు. ఆమె అదే చెప్పింది. అక్కడి నుంచి బయట మందుల షాపుకు నడిచాడు. షాపతను కూడా అదే చెప్పాక, అక్కడి మెట్ల మీద చతికిలబడి, పక్కనున్న సోడా బండి అతన్ని నాకో సోడా కొట్టమన్నాడు.

నేను గటగటా తాగుతుంటే, నా గొంతులో పైకీ కిందికీ పోతున్న గడ్డను రెప్పవేయకుండా చూశాడు.

"ఆడనియ్యి బిడ్డా," అన్నాడు, "మంచిగ ఆడనియ్యి."