నెత్తళ్ళ కుప్పకి తలూపిన రోజు

నా చిన్నప్పుడు, సముద్రం ఒడ్డున మా యారాడ ఊళ్ళో, నా ముక్కు కారని రోజంటూ లేదు. చలికాలం వచ్చిందంటే ముక్కుతో పాటు చెవులూ బిగుసుకుపోయేవి. ఎవరు మాట్లాడినా బిందెలో తల పెట్టి మాట్లాడుతున్నట్టుండేది. బడిలో పంతులు చెప్పేది సగం అందేది కాదు. ఈ పిల్లకి బుర్ర లేదని ఆయన ఇంటికి పంపేశాడు, మావాళ్ళూ సరేనన్నారు. నేనొక ఉపాయం కనిపెట్టాను. ఎవరేం అడిగినా తలూపేదాన్ని. తలూపితే జనం సంతోషంగా వెళ్ళిపోతారు. ఇప్పటికీ అంతే, చూడండి.

మా అమ్మమ్మ చేపలు కొని, తట్టలో పెట్టుకుని ఊళ్ళమ్మట అమ్మేది. బడి పోయాక నాకు మిగిలిన సంబరమల్లా పొద్దున్నే ఆవిడ వెంట ఒడ్డుకి వెళ్ళడమే. అప్పట్లో చేపల వేలంపాట ఇసక మీదే. పాటలో ఆడవాళ్ళు నోరు తెరవరు. పక్కామెకి తెలిసిపోకుండా, పాటగాడి కళ్ళలోకి చూసి తలూపుతారు. అదే మాట. ఊపాక వెనక్కి తీసుకోవడం మా ఒడ్డున లేదు.

ఆ రోజు అమ్మమ్మ తన చోటులో నన్ను కూర్చోబెట్టి, తట్ట కడగడానికి నీళ్ళ దగ్గరికెళ్ళింది. పాటగాడు నా వైపు తిరిగి ఏదో అడిగాడు. ఊపాను. మళ్ళీ అడిగాడు, మళ్ళీ ఊపాను. అమ్మమ్మే చెప్పి కూర్చోబెట్టిందనుకున్నాడట. ఆవిడ తిరిగొచ్చేసరికి వేలెడంత చేపలు, నెత్తళ్ళు, నా నడుమంత ఎత్తు కుప్ప మాదైపోయింది. ఒడ్డంతా ఒకటే నవ్వు.

మా అమ్మ మాత్రం నవ్వలేదు. చెవిటిదాన్ని ఇంక ఒడ్డుకి తేవద్దు, ఇంట్లో కూర్చోబెట్టమని తెగేసి చెప్పింది. బడి పోయినప్పుడు ఏడవలేదు గానీ, అప్పుడు ఏడ్చాను.

అన్ని చేపలు ఒక్క తట్టతో తెమిలేవి కావు, ఇసకలో ఆరబెట్టాల్సిందే. ఆ పనికి అమ్మమ్మ చిన్నకొడుకు, మా మావ, వచ్చాడు. రాళ్ళకి చిక్కుకున్న వలల్ని నీటి అడుక్కి దిగి విడిపించడం ఆయన పని. ఆ వారం రొంప పట్టి దిగడం మానేశాడు. వెనకనించి నన్ను పిలిచాడట, నేను తిరగలేదు. ముందుకొచ్చి నా కారే ముక్కు కేసి కాసేపు చూశాడు. తర్వాత నోరు బార్లా తెరిచి ఆవులించి, నన్నూ అలాగే చెయ్యమని సైగ చేశాడు. నాలుగోసారికి నా చెవిలో టప్‌మంది.

సముద్రం అంత గోల చేస్తుందని నాకు తెలీదు. కాకులు, చేపల మీద ఈగలు, మావ చీదుకునే చప్పుడు, అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. పకపకా నవ్వాను. అంతలోనే మళ్ళీ మూసుకుపోయింది. కానీ మావకి అది చాలు. అప్పుడాయన అన్న మాట అమ్మమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో.

"అమ్మా, ఈ గుంటకి సెవుడు నేదే. ముక్కు కాణ్ణించి సెవిలోకి సన్న దారుంటాది. రొంప కడితే అది మూసుకుపోతాది. అందుకే గదా నాను నీట్లోకి దిగనేదు."

మర్నాడు ఇద్దరూ నన్ను పట్నం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ముక్కు లోపలంతా వాచిందని, ఆ దారి మూసుకుపోయి చెవిపొర వెనక నీరు చేరిందని, మందులతో తగ్గుతుందని ఆయన చెప్పాడు. చెవిలో కాచిన నూనె పోసినందుకు అమ్మమ్మకి చీవాట్లు. ముక్కు అంత గట్టిగా చీదొద్దని మావకీ పడ్డాయి. మావ అదేమీ పట్టించుకోలేదు. తను చెప్పిందే డాక్టరూ చెప్పాడని ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు.

చలి తగ్గేసరికి నా చెవులు తెరుచుకున్నాయి. ఒక తెల్లారి అమ్మే నన్ను లేపి ఒడ్డుకి పంపింది. అంత మీసమున్న పాటగాడిది గొర్రెపిల్ల గొంతని ఆ రోజే తెలిసింది. నేను నవ్వు ఆపుకోలేకపోతుంటే అమ్మమ్మ తన చోటులో నన్ను మళ్ళీ కూర్చోబెట్టి, చెవి దగ్గర చెప్పింది.

"వినపడిందా, ఊపు. నేదా, వినపళ్ళేదు మళ్ళీ సెప్పు అను. అడగడానికి సిగ్గేటి?"

ఆ నెత్తళ్ళని మామిడికాయతో వండుకుని మా వీధంతా వేసవి దాకా తిన్నారు. నన్ను బడికి పంపాలని మాత్రం ఎవరికీ తట్టలేదు, దాచడమెందుకు.

ఇప్పుడు మా మనవడు టీవీ సౌండు పెంచితే ముందు వాడి ముక్కు చూస్తాను, తర్వాత డాక్టరు దగ్గరికి లాక్కెళ్తాను. నేను అక్షరాలకి కూర్చున్నది యాభై దాటాక. నేర్పే అమ్మాయి ఏం చెప్పినా తోటి ఆడవాళ్ళు తలలూపుతున్నారు. నేను ఊపలేదు. నాకు తెలియలేదమ్మా, మళ్ళీ చెప్పు అన్నాను. ఆ పిల్ల బోర్డు తుడిచి మళ్ళీ మొదలుపెట్టింది. అప్పుడు అందాకా తలూపిన నా పక్కనున్న నలుగురూ పలకలు ఒళ్ళోకి లాక్కున్నారు.