తెల్ల అట్ట పాస్‌పోర్టు

ఆ రోజుల్లో మేడ్చల్ చుట్టుపక్కల పాస్‌పోర్టు అంటే నీలం అట్టదే. ఇంకో రంగులో కూడా ఉంటుందని ఎవరైనా అంటే పచ్చ గేదెను చూశానన్నవాణ్ణి చూసినట్టు చూసేవాళ్ళు. మా వాడలో ఆ శాస్త్రానికి ఒక్కడే పండితుడు, దుబాయ్ మామ. గల్ఫ్‌లో చాలా ఏళ్ళు మేస్త్రీగా పనిచేసి వచ్చినవాడు. ఏజెంటు చేతిలో మోసపోయామేమోనని భయపడే ప్రతివాడూ విమానం ఎక్కేముందు ఆయన అరుగు ఎక్కాల్సిందే. ఆయన పాస్‌పోర్టును ఎండకు పట్టి, వీసాను గోటితో గీకి, చివరికి వాసన కూడా చూసి (ఏ వాసన రావాలో ఎవరికీ చెప్పలేదు) తీర్పు ఇచ్చేవాడు. దాని మీద అప్పీలు లేదు.

నేనప్పుడు ఉద్యానశాఖలో కొత్త గుమాస్తాను. ద్రాక్ష సాగును అధ్యయనం చేసి రమ్మని ప్రభుత్వం ఒక బృందాన్ని విదేశానికి పంపింది. (ఆ దేశం పేరు మా ఊళ్ళో ఎవరూ వినలేదు కనుక ఇక్కడా చెప్పను.) బృందంలో మా పెద్దసారు, ఆయన పై సారు, ఆ పై సారు కాదనలేని ఇంకో సారు. ద్రాక్షతో వాళ్ళ పరిచయం పళ్ళెం వరకే. ఫైళ్ళు మోయడానికి ఒకడు కావాలి గనుక నేను. మేడ్చల్ దారిలోని ద్రాక్షతోటల్ని బస్సు కిటికీలోంచి రోజూ చూసేవాణ్ణి కాబట్టి నన్ను నేను నిపుణుణ్ణనే అనుకున్నాను. సర్కారు పని మీద వెళ్ళేవాళ్ళమని మాకు తెల్ల అట్ట పాస్‌పోర్టులిచ్చారు. వీసా కూడా 'అధికారిక విధుల కోసం' అని రుసుము లేకుండా వేసి పంపారు. వరుసలో నిలబడలేదు, ఎవరికీ దండం పెట్టలేదు. దాన్ని జేబులో పెట్టుకుని, సీటు దొరక్కపోయినా దేశ ప్రతినిధిలా నిటారుగా నిలబడి దూలపల్లి బస్సులో ఇంటికొచ్చాను.

నాయినకు నా మాట చాలలేదు. నన్ను నేరుగా మామ అరుగు మీదికి తీసుకెళ్ళాడు. మామ ఎండకు పట్టాడు, గీకాడు, వాసన చూశాడు.

"బావా, గిది నకిలీ. తెల్లది ఏడనన్న ఉంటదా? రంగు ఎయ్యకముందే ప్రెస్సులకెల్లి ఎత్కొచ్చిండ్రు."

"గవర్నమెంటోళ్ళకు గట్లనే ఇస్తరు మామా," అన్నాను.

"వీసాకు ఎంత గట్టినవ్?"

"ఏం గట్టలే."

మామ నాయిన వైపు జాలిగా చూశాడు. "పైసల్ తీస్కోకుండ వీసా ఎవడిస్తడు బావా? పోరన్ని ఎవడో ఆగం జేసిండు."

ఆయన లెక్కలో తప్పు లేదు. చెమటోడ్చడానికి వెళ్ళేవాడు అప్పు చేసి కట్టాలి, ఊరికే చూసిరావడానికి వెళ్ళేవాడికి ఉచితమని ఆయనకు ఎవరు చెప్పారు గనుక?

ఆ తీర్పు షేర్ ఆటో ఎక్కి కుత్బుల్లాపూర్ చేరింది. అక్కడి పిల్లతో నాకు పెళ్ళి కుదిరి ఉంది. చూపుల్లో నేను చొక్కా మీద చాయ్ ఒలకబోసుకుంటే ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది. అప్పటినుంచీ నాకు ఆ నవ్వు తప్ప వేరే ధ్యాస లేదు. కాబోయే మామగారు మర్నాడే వచ్చారు.

"పిల్లగాడు మంచోడే బావా. కని దొంగ పాస్‌పోర్టుతోని జైల్ల వడితే నా బిడ్డ గతేంది? పోయొచ్చి ముద్ర సూపియ్యుమను. గప్పుడే లగ్గం."

వెళ్ళాను. అన్నీ సమావేశాలే, ద్రాక్ష కనిపించింది భోజనాల బల్ల మీదే. తిరిగొచ్చి విమానం దిగగానే పెద్దసారు చెయ్యి చాపారు. పని అయ్యాక తెల్ల పాస్‌పోర్టు ఆఫీసులో అప్పగించాలట. "ఒక్కరోజు ఉంచండి సార్, పెళ్ళి ఆగిపోతుంది," అని బతిమాలాను. "నిబంధన," అన్నారాయన. ఫొటోలు చూపిద్దామంటే కెమెరా పట్టుకున్నది నేనే, ఒక్కదాంట్లోనూ నేను లేను. చివరికి చాక్లెట్ల డబ్బాతో కుత్బుల్లాపూర్ వెళ్ళాను.

"గివి ఆబిడ్స్‌ల గూడ దొర్కుతయ్," అన్నారు మామగారు.

నా ప్రాణం ఉసూరుమంది. అప్పుడు తలుపు వెనక నుంచి ఆ అమ్మాయి గొంతు వినిపించింది. "జైలుకైతే పోలే గద నాయినా. ఇగ లగ్గం వెట్టు."

చాలా ఏళ్ళకు, ఆ దేశం అసలుందో లేదో చూడాలని మా ఆవిడ పట్టుబట్టింది. ఇద్దరం నీలం పాస్‌పోర్టులు తీసుకున్నాం, వీసా కోసం వరుసలో నిలబడ్డాం, అద్దం వెనక కుర్రాడికి దండాలు పెట్టాం, అడిగినంతా కట్టాం. వెళ్ళేముందు దుబాయ్ మామకు చూపించాం. చూపు మందగించినా ఎండకు పట్టాడు, గీకాడు, వాసన చూశాడు.

"గిది అసలుది బిడ్డా," అన్నాడు తృప్తిగా.

మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఒకప్పుడైతే వాదించేవాణ్ణి. కానీ నా డబ్బుతో, నా పని మీద, నేనుగా వెళ్తున్నది అదే మొదటిసారి. ఆ బస్సులో నిటారుగా నిలబడ్డ దేశ ప్రతినిధిని తలుచుకుని నవ్వుకుంటూ, మామ తీర్పుకు తలవంచాను.