కట్టుడు పళ్ళ నొప్పి

మా ఊరి నర్సు, మా మరదలు బురుల్‌కి "త్రేన్పుల నర్సమ్మ" అని పేరు పెట్టింది నేనే. ఒప్పుకుంటాను. మా నరీన్ కొండల్లో మరదల్ని ఏడిపించే హక్కు బావకి పెళ్ళినాడే వస్తుంది. ఆ హక్కును నేను ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒక్క పూట కూడా వృథా పోనివ్వలేదు.

ఆ పేరు ఊరికే రాలేదు. రెండేళ్ళ కిందట ఒక గృహప్రవేశం విందులో గుర్రాల వ్యాపారి ఒకాయన గుండె పట్టుకుని కూలబడ్డాడు. బురుల్ విందు ఆపించి, ఆయన్ని కారులో వేయించి జిల్లా ఆసుపత్రికి పరుగెత్తించింది. కనుమ ఎక్కుతుండగా ఆయన కారే అదిరేంత త్రేన్పు ఒకటి త్రేన్చి, "అమ్మయ్య! ఇక వెనక్కి తిప్పండి, ఆకలేస్తోంది" అన్నాడు. ఊరు ఊరంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. బురుల్ కూడా నవ్వింది. కానీ మా ఆవిడ దగ్గర కూర్చుని, "అక్కా, చచ్చినా ఇంకెవరి విందూ చెడగొట్టను, ఒట్టు" అని ఏడ్చిందట. మా ఊరి పిల్లల్లో సగం మంది ఆవిడ చేతుల్లోనే భూమ్మీద పడ్డారు. అలాంటి మనిషి చేత ఒట్టు వేయించాను, వెధవని.

ఈ వసంతంలో మావాడికి సంబంధం కుదిరింది. వియ్యాలవారు పది మంది దిగారు. వాళ్ళతో పాటు పాటలూ దిగాయి, కేరింతలూ దిగాయి. మా గుడారంలో కాలు పెట్టే చోటు లేదు. గొర్రె తోక కొవ్వు, కార్జం కలిపి తెచ్చారు. వియ్యాలవారు ఒకరి నోట్లో ఒకరు ఆ ముక్కలు కుక్కుకోవాలి, మిగిలిన జిడ్డు మూతులకి పూసుకోవాలి. ఆ ముక్క మింగితే సంబంధం ఖాయం. మింగకుండా లేచారంటే మాకొద్దని మొహం మీద చెప్పినట్టే.

మా వియ్యపురాలు షార్కాన్‌కి అరవై రెండేళ్ళు. షుగరు ఉంది. నవ్విందంటే గిన్నెలు మోగుతాయి. నేను జిడ్డోడుతున్న పెద్ద ముక్క ఎత్తి పట్టుకుని, "నోరు తెరు చెల్లెమ్మా, ఆఁ!" అన్నాను.

ఆవిడ నా చెయ్యి తోసేసింది. "ఉండండి అన్నయ్యగారూ, గుండె తిరుగుతోంది."

గుడారమంతా గొల్లున నవ్వింది. మా భాషలో గుండె తిరగడమంటే కడుపులో తిప్పడమే, గుండె ఊసే కాదు. విందన్నాక ఎవరో ఒకరు ఆ మాట అనాల్సిందే.

"అప్పుడే తిరిగిందా? ఇంకా సగం గొర్రె నీకోసం ఎదురుచూస్తోంది!" అన్నాను నేను. తగ్గుతానా?

అప్పటిదాకా చిందులేస్తున్న బురుల్ ఆగిపోయింది. వచ్చి షార్కాన్ పక్కన కూర్చుని, ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"కొవ్వు ఎన్ని ముక్కలు తిన్నావు వదినా?"

"ఒక్కటీ తిన్లేదు. ఇంత రొట్టె, గిన్నెడు టీ, అంతే."

"మరి ఈ చెమటేంటి? చెయ్యి మంచులా ఉంది. ఇంకెక్కడన్నా నొప్పిగా ఉందా?"

"పెద్దగా ఏం లేదమ్మా. కింది పళ్ళు జివ్వుమంటున్నాయి, పొద్దుట్నుంచీ."

బురుల్ ఒక్క క్షణం ఆవిడ నోటి వంక చూసింది. "ఇందాక రొట్టె ఇరుక్కుందని రెండు వరసలూ బయటికి తీసి కడుక్కున్నావు. కట్టుడు పళ్ళు నొప్పెలా పెడతాయి వదినా?"

జనం మళ్ళీ పడీ పడీ నవ్వారు. నేనైతే కళ్ళనీళ్ళు తుడుచుకున్నాను. బురుల్ మాత్రం నా వైపు తిరిగింది.

"బావా, అది పళ్ళ నొప్పి కాదు, దవడకి పాకిన గుండె నొప్పి. షుగరున్నవాళ్ళకి ఛాతీలో నొప్పి తెలియకపోవచ్చు. కారు తియ్యి."

"మళ్ళీ త్రేన్పయితే?" అని నా నోరు జారింది.

"అయితే నువ్వు పెట్టిన పేరుతోనే పోతాను. కారు తియ్యమన్నానా!"

ఎవరో గుండె నొప్పికి నాలుక కింద పెట్టే బిళ్ళ తెచ్చారు. బురుల్ బీపీ చూసి, "ఇప్పటికే తొంభైకి దిగింది, ఇది పెడితే ఇంకా పడిపోతుంది" అని తోసేసింది. ఆస్పిరిన్ పడదని ఎవరైనా చెప్పారా అని అడిగి, లేదనిపించుకుని, ఒక బిళ్ళ నమిలించింది. అంబులెన్సు కనుమ దగ్గర ఎదురు రావాలని ఫోన్లో అరిచింది.

అంతలో షార్కాన్ బావగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "ముక్క నోట పెట్టకుండా మా ఆడమనిషి గడప దాటడమా? సంబంధం వద్దన్నట్టు కాదూ? జనం ఏమంటారు?"

ముక్క ఇంకా నా చేతిలోనే ఉంది. మా వాడి పెళ్ళీ దాంట్లోనే ఉంది. బురుల్ విసురుగా వచ్చి నా చేతిలోంచి దాన్ని లాక్కుని, అంత ముక్కనీ ఒక్కసారిగా నోట్లో కుక్కుకుంది. కళ్ళు తేలేసింది, గుటుక్కున మింగింది, జిడ్డు చెయ్యి తీసుకెళ్ళి పెద్దాయన గడ్డానికి నిండా పూసేసింది.

"ఆవిడ బదులు నేను తిన్నాను. సంబంధం ఖాయం. ఇక తప్పుకోండి!"

పెద్దాయన గడ్డం తుడుచుకుంటూ తప్పుకున్నాడు.

కనుమ దగ్గర షార్కాన్‌ని అంబులెన్సు ఎక్కించి మేం వెనక్కి వచ్చాం. సాయంత్రం డాక్టరు ఫోను చేశాడు. గుండె రక్తనాళం ఒకటి మూసుకుపోయిందట, తెరిచారట. అజీర్తే కదా అని పడుకోబెట్టి ఉంటే మనిషి దక్కేది కాదన్నాడు. నేను పెరట్లో గొర్రెల మధ్య గంతులేశాను. మా ఆవిడ చూసి కంగారుపడి చెల్లెల్ని పిలిచింది. బురుల్ వచ్చి, "బావకేం లేదక్కా, సంతోషం" అంది. నేను దాని చేతులు పట్టుకుని భోరుమన్నాను. నవ్వుతూ ఆ ముక్కని షార్కాన్ నోట్లో కుక్కబోయింది నేనే కదా!

కోతలయ్యాక పెళ్ళి జరిగింది. షార్కాన్ వచ్చింది, మళ్ళీ గిన్నెలు మోగేలా నవ్వింది. వియ్యపురాలి బదులు తిన్నది కాబట్టి బురుల్‌ని వియ్యపురాళ్ళ వరసలోనే కూర్చోబెట్టారు. భోజనాల మధ్యలో షార్కాన్ చెంచా పక్కన పెట్టి, "గుండె తిరుగుతోంది" అంది.

పాట ఆగింది. నవ్వులు ఆగాయి. ఈసారి ఒక్కడూ నవ్వలేదు. ఇద్దరు కుర్రాళ్ళు అడక్కుండానే కారు తాళాలు తీశారు.

బురుల్ నింపాదిగా వెళ్ళి మణికట్టు పట్టుకుంది. మొహం చూసింది, నుదురు తాకింది, పళ్ళ సంగతి అడిగింది, బీపీ చూసింది. తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుని లేచింది.

"ఈసారి ఒట్టి వికారమే. అయినా నేను పక్కనే కూర్చుంటాను. ఇంతకీ డాక్టరు వద్దన్న కొవ్వు ఈవిడకి దొంగచాటుగా పెట్టిందెవరు?"

అందరూ నా చేతుల వంక చూశారు. నేను వాటిని వెనక్కి దాచుకున్నాను.