బొమ్మలోని చెయ్యి

ఆ బొమ్మలో ప్రెస్సు కింద పెట్టిన చెయ్యి నాది. ఈ ఒక్క మాట నలభైమంది ముందు చెప్పాల్సిన రోజున చెప్పలేదు. ఇంకొకరి మీదికి తోసేసి ఊరుకున్నాను. అందుకే ఇప్పుడు మొదట ఇదే రాస్తున్నాను.

నాచారం పారిశ్రామికవాడలో వంటగిన్నెలు తయారుచేసే ఒక కంపెనీలో నాది శిక్షణ విభాగం. విభాగమంటే నేను, ఒక ప్రొజెక్టరు, తాళంచెవి పోయిన ఒక బీరువా. అంతకుముందు పదకొండేళ్ళు అదే షెడ్డులో ప్రెస్సు మీద పనిచేశాను. ప్రెస్సు అంటే రేకును గిన్నెగా ఒత్తే యంత్రం. కింద అచ్చు ఉంటుంది, పైనుంచి ఇనుపదిమ్మ దిగుతుంది. మధ్యలో ఏది ఉన్నా గిన్నె ఆకారంలోకి వస్తుంది.

మా దగ్గర సరుకు కొనే పెద్ద కంపెనీ ఒకటి, కార్మికుల భద్రత మీద ఆరు చిన్న యానిమేషన్ వీడియోలు చేయించి చూపించాలని షరతు పెట్టింది. మేనేజరు ఆ పని నాకు అప్పగించారు.

"బయట ఫ్రీలాన్సర్లు ఉంటారటండీ. ఎవరినో ఒకరిని పట్టుకోండి," అన్నారు. ఆయనది భీమవరం వైపు. ఏ పనైనా ఎవరినో పట్టుకోవడంతో మొదలై, ఎవరినో వదిలించుకోవడంతో పూర్తవుతుందని ఆయన అనుభవం.

ముగ్గురితో మాట్లాడాను. మొదటాయన తను చేసిన సింహం నడక పంపించాడు. సింహం బాగానే నడిచింది. మా షెడ్డులో సింహాలు లేవని చెబితే, "దానికి హెల్మెట్ పెడదాం సార్," అన్నాడు. రెండో ఆయన ఎప్పుడు ఫోన్ చేసినా ఇంకో ఫోన్‌లో ఉన్నాడు. మూడో ఆమె ఉప్పల్‌లో ఉంటుంది. తొమ్మిదేళ్ళు స్టూడియోలో చేసి, మానేసి, సొంతంగా పని మొదలుపెట్టి నాలుగు నెలలైంది. ఆమె అడిగింది ఒకటే.

"సార్, మిషిన్ సూడనిస్తరా? సూడకుండ గీస్తే తప్పులొస్తయి."

చూడకుండా గీయనన్నందుకే ఆమెను తీసుకున్నాను.

ఆమె వచ్చిన రోజున, షెడ్డులోకి వచ్చేవాళ్ళకిచ్చే ఇనుప బూట్లలో తొమ్మిదో నంబరు తప్ప మిగల్లేదు. వాటిలోనే రోజంతా టకటకమంటూ షెడ్డు తిరిగింది. అచ్చు శుభ్రం చేసే పద్ధతి ఎవరైనా చేసి చూపిస్తే ఫోన్‌లో తీసుకుంటానంది. ఫోన్ కెమెరా చూడగానే మా ఆపరేటర్లందరూ పెళ్ళి ఫోటోలో మాదిరిగా నిటారుగా నిలబడ్డారు. వాళ్ళలో పెద్దాయన, ఒకప్పుడు నాకు పని నేర్పినవాడు, నన్ను ముందుకు నెట్టాడు.

"మా సారు చేస్తడు తియ్యి బిడ్డా. కూసొని కూసొని కడుపొచ్చింది, జర కరుగుతది."

ఏప్రాను కట్టుకున్నాను. అచ్చు శుభ్రం చెయ్యాలంటే ముందు కరెంటు మెయిన్ ఆపాలి, దానికి తాళం వెయ్యాలి, తాళంచెవి జేబులో వేసుకోవాలి. ఆ తర్వాతే చెయ్యి లోపల పెట్టాలి. ఈ మాటలు వారానికి రెండుసార్లు చెబుతాను, ఆ రోజు కూడా చెబుతూనే చేశాను. అయితే ప్రెస్సు ముందు నిలబడగానే నా కుడిచెయ్యి లోపలికి వెళ్ళి అచ్చును తాకి, వచ్చి కళ్ళకు అద్దుకుంది. మెయిన్ ఆపింది ఆ తర్వాత. మా షెడ్డులో పొద్దున్నే ప్రతి ఒక్కరూ అలా మొక్కుతారు. పదకొండేళ్ళు నేనూ మొక్కాను. ఆ రోజు మొక్కిన సంగతి మాత్రం నాకు తెలియలేదు.

ఆమెకు తెలిసింది. వారం తర్వాత వాట్సాప్‌లో ఒక బొమ్మ పంపింది. కాస్త పొట్ట ఉన్న మనిషి, ప్రెస్సులో చెయ్యి. కింద ఇలా రాసింది: "సార్, మెయిన్ బంద్ చెయ్యకముందే మొక్కుతున్నడు. మీ వీడియోల అట్లనే ఉన్నది. ఉంచాల్నా? తాళం ఏసినంక మొక్కినట్టు మార్చాల్నా?"

నేను క్యాంటీన్‌లో భోంచేస్తున్నాను. పప్పు బాగుంది. "ఉంచండి. సహజంగా ఉంది," అని ఎడమచేత్తో కొట్టి పంపాను. మర్నాడు ఆమె ఫోన్ చేసి మళ్ళీ అడిగింది.

"చెయ్యి లోపల పోయేటాళ్ళకు కరెంటు ఉంటది కద సార్."

"మొక్కుడే కదమ్మా. ఎంతసేపు," అన్నాను.

మాటలు రికార్డు చేసే రోజు ఉప్పల్ వెళ్ళాను. మూడో అంతస్తులో రెండు గదులు. ఒకదానిలో ఆమె కంప్యూటర్, రెండోదానిలో అత్తగారి టీవీ. సీరియల్ గొంతులు వినిపించకుండా, దుప్పట్లున్న బీరువా తలుపులు తెరిచి అందులోకి తల పెట్టి చదువుతుంది. "మెయిన్ ఆపండి, తాళం వేయండి," అని బీరువాలోంచి గంభీరంగా వినిపించింది. పక్క గదిలోంచి అత్తగారు, "నేను సూస్తున్న గదనే, ఎందుకు ఆపాలె?" అన్నారు. ఆమె ముఖంలో నవ్వు లేదు. మళ్ళీ మొదటి నుంచి చదివింది. టీకి లేచినప్పుడు, "ఇది మంచిగొస్తే నాచారం కంపెనీలల్ల ఇసొంటి పని దొరుకుతది సార్. గా ధైర్యంతోనే నౌకరి ఇడిచిపెట్టిన," అంది.

మొదటి వీడియోను క్యాంటీన్‌లో వేశాం. కార్మికులు నలభైమంది, మేనేజరు, సరుకు కొనే కంపెనీ నుంచి తనిఖీకి వచ్చిన ఆయన. పొట్టమనిషి తెర మీదికి రాగానే వెనక బెంచీలో ఎవరో, "గీయన మన సారే గదా," అన్నారు. "నడక సూడు, అదే నడక," అని ఇంకొకరు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నిజానికి నాకు గర్వంగానే ఉంది.

పొట్టమనిషి మొక్కాడు. తనిఖీ ఆయన వీడియో ఆపించారు.

"కరెంటు ఉండగా చెయ్యి లోపల పెట్టాడు. మీరు నేర్పుతున్నది ఇదా?"

నవ్వు ఆగిపోయింది. మేనేజరు నా వైపు తిరిగారు. "ఎవరండీ ఇలా చెయ్యమంది?"

"యానిమేటర్ సొంతంగా కలిపింది సార్," అన్నాను. "బయటివాళ్ళకు మిషిన్ సంగతి తెలవది కద."

నలభైమంది నన్ను చూశారు. అర నిమిషం కింద ఆ తెర మీద నన్ను గుర్తుపట్టినవాళ్ళే. ఒక్కరూ మాట్లాడలేదు. పెద్దాయన తన స్టీలు గ్లాసులోకి చూసుకున్నాడు.

మిగతా ఐదు వీడియోలు సింహం ఆయనకు వెళ్ళాయి. ఆమెకు "కంపెనీ నిర్ణయం" అని రెండు లైన్ల మెయిల్ రాశాను. నెల తర్వాత ఆమె ఫోన్ చేసింది. నాచారంలోనే ఇంకో కంపెనీ ఆమెను పిలిచి, మా మేనేజరు దగ్గర వాకబు చేసి, వద్దనుకుందట.

"అడగకుండ సొంతంగ కలిపిననని అన్నరంట సార్. నేను మిమ్మల్ని రెండుసార్లు అడిగిన కద. ఎవరన్నరు గా మాట?"

"అట్లెవరన్నరో నేను కనుక్కుంటనమ్మా," అన్నాను.

మూడేళ్ళు కనుక్కుంటూనే ఉన్నాను. ఆమె పంపిన మెసేజీ నా ఫోన్‌లోనే ఉంది. ఫోన్ మార్చినప్పుడు కూడా జాగ్రత్తగా కొత్తదాంట్లోకి ఎక్కించుకున్నాను. ఎందుకో నన్నడిగితే చెప్పలేను.

పోయిన ఏడాది పెద్దాయన రిటైరయ్యాడు. శాలువా కప్పి, స్వీటు డబ్బా చేతికిచ్చాక, నన్ను షెడ్డులోకి రమ్మన్నాడు. తన ప్రెస్సు దగ్గర నిలబడి మెయిన్ ఆపాడు. తాళం వేశాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు. అప్పుడు చెయ్యి లోపల పెట్టి, అచ్చును తాకి, కళ్ళకు అద్దుకున్నాడు.

"గా బొమ్మల పిల్ల మిషిన్ సూడొచ్చిన రోజు, పోయేటప్పుడు నన్ను అడిగింది. తాళం ఏసినంక మొక్కితే తప్పా అని. తప్పేమున్నది బిడ్డా, దేవునికి కరెంటు కావాల్నా అన్న. అప్పటిసంది గిట్లనే మొక్కుతున్న."

నలుగురిలో నన్నెప్పుడూ సారూ అనేవాడు. అక్కడ ఎవరూ లేరు.

"తమ్మీ, వీడియో సూపిచ్చిననాడు నువ్వు తప్పు ఆ పిల్ల మీద ఏసినవ్. మేమంత సూసినం. మనోడు గదా అని ఊకున్నం. ఊకోకుంటే బాగుండె."

శాలువా సర్దుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు మేనేజరుకు ఆ మెసేజీ చూపించాను. ఆయన రెండుసార్లు చదివారు. "మూడేళ్ళయిందండీ. ఇప్పుడు ఎవరడిగారు?" అన్నారు. ఎవరూ అడగలేదని ఒప్పుకున్నాను. ఆ ఇంకో కంపెనీకి ఆయనే ఫోన్ చేసి జరిగింది చెప్పాలని అడిగాను. ఆయన ఫోన్ చేసే దాకా ఎదురుగా నిలబడ్డాను. నన్ను వదిలించుకోవడానికే చేశారు, కానీ చేశారు. శుక్రవారం క్యాంటీన్‌లో ఆ పాత వీడియో మళ్ళీ వేసి, పొట్టమనిషి మొక్కగానే ఆపి, అది నేనేనని, ఉంచమన్నదీ నేనేనని చెప్పాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. "ఎరుకే సారూ," అంది ఒక గొంతు.

ఆదివారం పొద్దున ఉప్పల్ వెళ్ళాను. అదే మూడో అంతస్తు. ఆమె ఇప్పుడు పెళ్ళి ఆహ్వానాల వీడియోలు చేస్తోంది. తెర మీద రెండు ఏనుగులు పూలు చల్లుతూ ఆగిపోయి ఉన్నాయి. షెడ్డుల పని ఆ తర్వాత ఒక్కటీ రాలేదని అడగకుండానే అర్థమైంది. అత్తగారు టీవీ సౌండు తగ్గించారు. కూర్చోమంది. నేను కూర్చోలేదు.

"కనుక్కున్నరా సార్?" అంది ఆమె. మూడేళ్ళ కింద ఫోన్‌లో ఆగిపోయిన మాటను అక్కడే అందుకుంది.

"కనుక్కున్ననమ్మా. గా మాట అన్నది నేనే. చెయ్యి నాది. మీరు రెండుసార్లు అడిగిన్రు, ఉంచమన్నది నేనే. నలభైమంది ముందట మీ పేరు ఖరాబు చేసిన. ఇప్పుడు వాళ్ళందరికి చెప్పి వచ్చిన. ముందు మీకు చెప్పాల్సింది, అది గూడ ఆలస్యమే చేసిన. తప్పు నాది. నన్ను క్షమించండి."